ఐదున్నర చద్దర్ల టవర్ జాగా

హలో... వినబడుతోందా? ఆ, ఇప్పుడు బాగుంది. అందరికీ నమస్కారం. నేను రాజారాంను, సోలాపూర్ కుంఠా నాకా నుంచి. రోజూ పొద్దున ఈ గ్రూపులో పువ్వుల ఫొటో పంపి శుభోదయం చెప్పేది నేనే. ఈరోజు పువ్వు లేదు, కొంచెం పెద్ద సంగతి ఉంది. నేను మాట్లాడుతుంటే ఫోనే రాసుకుంటోంది; ఏడో తరగతితో ఆగినవాణ్ణి, రాతలో తప్పులుంటే సర్దుకొని చదవండి.

నాకు చద్దర్లు, అంటే కప్పుకునే దుప్పట్లు, నేసే నాలుగు పవర్‌లూమ్ మగ్గాలున్నాయి. మా గల్లీకి పెద్దమనిషిని కూడా నేనే. మా షెడ్ల వెనక, రైలు కట్ట పక్కన, రైల్వే వాళ్ల టవర్ ఒకటి కట్టాలి. రైలు నడిపేవాళ్లు, స్టేషన్ వాళ్లు రేడియోలో మాట్లాడుకోవడానికి. దాని కోసం జాగా చూసిన పిల్ల పేరు ఋతుజ. మా గల్లీ పిల్లే, బీడీలు చేసే యల్లమ్మ కూతురు. ఇంజనీరింగ్ చదివి ఆ టవర్ కట్టే కాంట్రాక్టర్ దగ్గర పనిలో చేరింది. యల్లమ్మ నన్ను అన్నా అంటుంది కాబట్టి పిల్లకు నేను మామను.

ఆ రోజు ఎవరు ఏమన్నారో అదే రాస్తున్నాను. నన్ను నేను వెనకేసుకొచ్చే మాట ఒక్కటి కూడా కలపను.

మంగళవారం పొద్దున పదిన్నర. కరెంటు లేక మగ్గాలు ఆగి ఉన్నాయి. షెడ్డులో ఋతుజ, నేను.

“టేపే తప్పు ఉంటది బిడ్డా.”

“మూడు టేపులు పెట్టి చూసినం మామా.”

“మూడు ఒక్క దుకాణంల కొన్నయేమో.”

“మామా.”

“కాదు, ఊకె అడుగుతున్న. కొంతం చౌక్‌ల కొన్న టేపు నాదొకటి ఉండె. ఇనుముది. ఎండకు సాగింది.”

“సాగితే వెంట్రుక మందం సాగుతది. టవర్ చుట్టు కంచెకు కావల్సింది పన్నెండు మీటర్లు. నా కాగితంల రాసింది పన్నెండున్నర. ఈరోజు టేపు పెట్టి చూస్తే పదకొండు మీటర్ల డెబ్బై మూడు. ఎండకు గింత సాగుతదా?”

“మళ్ల మొదట్నించి చెప్పు. పొద్దున ఏమైంది?”

“చెప్పిన గదా.”

“గాబరల చెప్పినవు. నిమ్మళంగ చెప్పు.”

“ఏడు గంటలకు మనుషులొచ్చిన్రు. నాలుగు కాళ్ల టవర్ గదా, ఏ కాలు ఏడ వస్తదో సున్నంతోని గీతలు పెడుతున్నరు. మూడు కాళ్లు మంచిగ పడ్డయి. నాలుగోది పోయి మోరీల పడింది.”

“మోరీలనా?”

“నడుమ మోరీల, మురికినీళ్లల్ల. వినాయక్ మేస్త్రి నవ్విండు. ‘మేడం, టవర్‌కు కాళ్లు కడుగుదామని పెట్టిన్రా’ అన్నడు. అందరు నవ్విన్రు. మా కాంట్రాక్టర్ సాహెబ్ ఒక్కడే నవ్వలే.”

“అరిచిండా?”

“అరిస్తే బాగుండు. మెల్లగ అడిగిండు, ఈ జాగ కొలిచింది ఎవరు అని. నేనే అన్న. దేనితోని కొలిచినవ్ అన్నడు.”

“చెప్పినవా?”

“ఏమని చెప్పాలె? నాలుగేండ్లు ఇంజనీరింగ్ చదివి, చద్దర్ పెట్టి కొలిచిన అని చెప్పాల్నా?”

“చెప్పలే గదా మరి.”

“చెప్పలే. తల దించుకొని నిలబడ్డ. నాలుగు గంటల లోపల కారణం రాసియ్యమన్నడు. కారణం సరిగ్గ లేకపోతే రేపటి నుంచి రాకు అన్నడు.”

“గంత మాట అన్నడా?”

“అన్నడు.”

“ఒక్క తప్పుకు పని తీసేస్తరా? నేను వచ్చి మాట్లాడుత. మనోళ్ల పిల్ల అని చెప్త.”

“ఏం మాట్లాడుతవ్ మామా? ఆయనకు మనోళ్లెవరు, మందోళ్లెవరు. ఆయనకు కారణం కావాలె.”

“నువ్వు ఆ రోజు టేపు ఎందుకు తెచ్చుకోలే?”

“తెచ్చిన. సగంల తెగింది. నీ ముందలనే తెగింది. రేపు ఇంకోటి పట్టుకొని వస్త అన్న. నువ్వేమన్నవు?”

“ఏమన్న?”

“యాది చేసుకో.”

“నువ్వే చెప్పు.”

“సోలాపూర్ల పుట్టి టేపు కోసం ఏడుస్తవేందే అన్నవు. చద్దర్ తొంభై ఇంచులు, మా తాత నాటి నుంచి తొంభై ఇంచులే, నీ టేపు అబద్ధమాడొచ్చు గని చద్దర్ ఆడదు అన్నవు. లోపలికి పోయి మెరూన్‌ది ఒకటి తెచ్చినవు.”

“అన్న. అన్న బిడ్డా.”

“నువ్వొక కొస, నేనొక కొస పట్టుకున్నం. నీ షెడ్డు గోడ మూల నుంచి మోరీ దాక. నువ్వే సుద్దతోని గీతలు పెట్టినవు. ఐదు నిండుగ, ఇంకో సగం. ఐదున్నర అన్నవు. నేను తొంభైతోని గుణించిన.”

“ఆ గుణించుడుల ఏమన్న...”

“లేదు. పదిసార్లు చూసుకున్న. తప్పు గుణించుడుల లేదు. నేను మళ్ల రాకపోవుడు తప్పు. కాగితంల ‘కొలిచినం’ అని రాసిన. దేనితోనో రాయలే. లేబుల్ మీద తొంభై అని ఉంది, పట్టుకున్నది నువ్వు. ఇంగ మళ్ల చూసేదేముంది అనుకున్న.”

“బడి వెనక ఇంకో జాగ ఉండె గదా. దాన్ని పట్టుకుంటే ఈ గడ్‌బడే లేకుండు.”

“మామా, ఆ జాగ వద్దన్నది ఎవరు?”

“గల్లీ మొత్తం.”

“గల్లీ మొత్తం కూసున్నది. లేచి నిలబడ్డది నువ్వు.”

ఆ మీటింగ్ సంగతంతా పిల్ల నాకు మళ్లీ గుర్తు చేసింది. మూడు జాగాలు చూపించారు: బడి వెనక ఒకటి, మార్కండేయ స్వామి రథం తిరిగే చోటు ఒకటి, మా షెడ్ల వెనక ఒకటి. టవర్ అనగానే ఆడవాళ్లు భయపడ్డారు. ఇది సెల్‌ఫోన్ టవర్ కాదని, రైళ్ల కోసమని నేనే సర్దిచెప్పాను. బడి దగ్గర వద్దు, దేవుడి జాగాలో వద్దు, మా షెడ్ల వెనక పెట్టుకోండి అన్నాను. టవర్ ఏ రకంది ఉండాలో కూడా నేనే చెప్పాను.

“సాహెబ్ మొదట్నించి ఒంటి స్తంభం టవరే అంటుండె మామా. తక్కువ జాగల అయిపోతది అని. ఒంటి స్తంభం గాలికి ఊగుతది, నాలుగు కాళ్లదే పెట్టుండ్రి, మగ్గం నిలబడ్డట్టు నిలబడుతది అన్నవు నువ్వు. అందరు చప్పట్లు కొట్టిన్రు.”

“కొట్టిన్రు.”

“సాహెబ్ నా కాగితం దిక్కు చూసిండు. పన్నెండున్నర ఉంది గదా, బర్, సరే, నాలుగు కాళ్లదే పెడదాం అన్నడు. నా కాగితం చూసి అన్నడు మామా.”

“ఇప్పుడు ఏం చేస్తరట? జాగ మారుస్తరా?”

“మార్చరు. ఒంటి స్తంభం ఇదే జాగల పడుతది. టవర్ లేస్తది. నాలుగు కాళ్ల పునాదికి ముందే కట్టిన ఇనుప చువ్వల బోన్లు ఊకెనే పోయినట్టు. ఎందుకు పోయినయో ఎవరో ఒకరు జవాబు చెప్పాలె.”

“లేస్తది గదా మరి. సరిపాయె.”

“టవర్ లేస్తది. ఆడ నేను ఉండ.”

“అట్లనకు.”

“ఆ చద్దర్ ఏది మామా?”

“ఏ చద్దర్?”

“ఆ రోజుది. మెరూన్‌ది.”

“అది పోయింది బిడ్డా. మాల్‌ల కలిసి పోయింది.”

“పోనీ ఇంకోటి తియ్యి. ఆడ గుట్ట ఉంది గదా.”

“అవి ఆర్డర్‌వి. ప్యాకింగ్ అయినయి.”

“నేను విప్పి మళ్ల మడత పెడుత.”

“మడత నలుగుతది.”

“అయితే ఇగో, మా ఇంట్లది తెచ్చిన. నీ మగ్గం మీదిదే. అమ్మ కప్పుకునేది.”

“అది ఉతికినది. ఉతికితే ముడుచుకుంటది. ఉతికినదాన్ని కొలిస్తే లెక్కకు రాదు.”

“అందుకే కొత్తది అడుగుతున్న. మామా, ఒక్కటి.”

“తీస్కో.”

మూడు కొలిచాం. కొసలు గట్టిగా గుంజి పట్టమన్నాను, నేల చదునుగా లేదన్నాను, గడప అవతల పరిచి చూద్దామన్నాను. ఆ పిల్ల నేను చెప్పినట్టల్లా చేసింది.

“ఎంత?”

“ఎనభై నాలుగు.”

“రెండోది?”

“అది గూడ ఎనభై నాలుగే. మూడోది గూడ. మూడు ఆరారు ఇంచులు తక్కువ.”

“పోచయ్య.”

“పోచయ్య మామ ఏంది?”

“పద్నాలుగేండ్ల నుంచి ఈ మగ్గాల మీద ఉన్నది వాడే గదా. నేసేది వాడు, కోసేది వాడు. ముందుగాలనే కోస్తున్నడు కావచ్చు.”

“కోసి?”

“మిగిలిన నూలు...”

“అమ్ముకుంటున్నడా?”

“నేనట్ల అన్లే.”

“అంటున్నవు.”

“నేనెక్కడన్న? నూలు మిగుల్తది అన్న. అమ్ముకుంటడు అని నువ్వే అన్నవు.”

“అయితే కాగితంల ఏమని రాయాలె?”

“మగ్గం మీది మనిషి పొట్టిగ నేసిండు, నాకు తెల్వదు అని రాయి. అది కారణమే గదా. నీ తప్పు ఉండదు.”

“పేరు?”

“పేరెందుకు?”

“సాహెబ్ అడుగుతడు.”

“అడిగితే... అడిగితే చెప్పు.”

“మా నాయిన పదేండ్లు మగ్గం నడిపిండు మామా. నేను బాబిన్లు చుట్టుకుంట పక్కకు కూసునేదాన్ని. మనిషి చేత్తోని కోస్తే ఒకటి ఎనభై మూడు వస్తది, ఒకటి ఎనభై ఆరు వస్తది. మూడింటికి మూడు ఒక్క తీరుగ రావు.”

“మంచి పనోడు వాడు.”

“చూడు. రెండు దిక్కుల అంచు పూర్తిగ ఉంది. ఎక్కడ పువ్వు సగంల తెగలే. మా ఇంట్ల నాయిన నేసిన పాతది ఉంది, ఇదే డిజైన్. దాన్ల పూలు పదిహేను వరుసలుంటయి. దీన్ల పద్నాలుగు.”

“పాతయి వేరు.”

“మగ్గం మీద పువ్వు ఎట్ల రావాల్నో అది అట్టల మీద బొక్కలు పొడిచి ఉంటది. అట్టలు తీస్తే వరుస పోతది. చద్దర్ పొట్టిగైతది, పువ్వు మాత్రం చెడదు. అట్టలు కుట్టుడు పోచయ్య మామకు రాదు. ఈ షెడ్డుల అట్టలు కుట్టేది ఎవరు మామా?”

“ఎండ మస్తు కొడుతున్నది. నీళ్లు తాగుతవా?”

“వద్దు.”

“చాయ్ తెప్పిస్త.”

“వద్దు మామా.”

ఆ పిల్ల మూడు చద్దర్లూ మళ్లీ మడత పెట్టింది, ఒక్క ముడత లేకుండా. గుట్ట మీద ఎట్లా ఉన్నాయో అట్లాగే పెట్టింది.

“నేను పోయొస్త.”

“ఏం రాస్తవ్?”

“లెక్కపెట్టుడుల తప్పైంది అని రాస్త. ఐదు మీద కొంచెం ఉంటే ఐదున్నర అని రాసుకున్న అంట.”

“అట్ల రాస్తే?”

“తీసేస్తరు.”

“ఇంకో దగ్గర దొరకదా?”

“ఏమో. ఎందుకు తీసేసిన్రు అని ఆడ గూడ అడుగుతరు గదా.”

“మరి ఎందుకట్ల రాసుడు? నా మాట... పోచయ్య మాట రాయొచ్చు గదా.”

“పోచయ్య మామ చెయ్యని పని ఆయన మీద రాయ.”

“పోనీ...”

“నీ పేరు గూడ రాయలేను మామా. నాయిన పోయిన నాడు ముందల నడిచింది నువ్వు. కాలేజీల చేరేటప్పుడు జాతి సర్టిఫికెట్ కోసం మూడు దినాలు ఆఫీసుల పొంట నాతోని తిరిగింది నువ్వు. ఎండకు నీ కాలి చెప్పు తెగితే ఒక్క చెప్పుతోని నడిచినవు. నా చేత్తోని నీ పేరు ఆ కాగితంల ఎట్ల రాయాలె? నువ్వు గూడ అడగకు, నేను గూడ చెప్ప. లెక్క తప్పు నాది, అంతే.”

ఆ మాటతో ఆమె లేచింది. అప్పుడే గడపలో యల్లమ్మ కనిపించింది. సగం చేసిన బీడీల చాట చేతిలోనే ఉంది, దించి రావడానికి కూడా ఆగలేదు. కూతురి పని పోయేటట్టుందని, మేం గడప అవతల చద్దర్లు కొలుస్తున్నామని పక్కింటి పూనం చెప్పిందట.

“ఏడికే పోయేది? కూసో.”

“అమ్మా, ఇంటికి నడువు.”

“నడువ. అన్నా, ఏంది ఈ లఫ్డా? చద్దర్ పొట్టిగ ఉండుట్ల లెక్క తప్పింది అంట గద?”

“పొట్టిగున్నదని ఎవరన్నరు?”

“ఎవరన్నరేంది అన్నా. కప్పుకునేటోళ్లందరికి తెల్సు. తల కప్పితే కాళ్లు బయట, కాళ్లు కప్పితే తల బయట. గల్లీ గల్లీ అంతా ఒక్కసారే ఎత్తు పెరిగినమా?”

“నాకు... నాకెవ్వరు చెప్పలేదేం?”

“ఎట్ల చెప్తం? రథం ముందల కొబ్బరికాయ కొట్టేటోనివి నువ్వు. నీ చద్దర్ పొట్టి అని నీ ముఖం మీద ఎవరంటరు?”

“అనాలె గద.”

“ఆడోళ్లం అందరం ఒక్క మాట అనుకున్నం. రాజారామన్నకు తెల్వదు, తెలిస్తే మనిషి తట్టుకోలేడు, ఆయన చెవుల పడనియ్యొద్దు అని. నీ షెడ్డుల నీకే దొంగతనం అయితున్నదని ఎట్ల చెప్పాలె?”

“దొంగతనమా?”

“కాకపోతే ఏంది? పోచయ్యది దొంగ చెయ్యి.”

“అమ్మా, చాలు.”

“నువ్వూకో. ఎనిమిదేండ్ల నుంచి నాకాల అందరికి తెల్సు. చద్దర్‌కు ఇంత నూలు మిగిలించి బయట ఇచ్చేస్తడని. వాని పెండ్లాం నర్సమ్మ మా దగ్గర బీడీలు చేయనీకి వచ్చి కూసుంటది గదా, అది కూసుంటనే మేం మా మా ఆకు కట్టలు ఒడిలకు జరుపుకుంటం.”

“నర్సమ్మ ముందలనేనా?”

“ముందలనే. దానికి గూడ తెల్సు ఎందుకు జరుపుతున్నమో. తల వంచుకొని చుట్టుకుంట కూసుంటది.”

“ఏమనదా?”

“ఏమంటది? వాడన్న ఏమన్నడు? ఎనిమిదేండ్లల్ల ఒక్కనాడు, నేను తియ్యలే అన్నడా? దొంగ గాకపోతే అనకుంట ఉంటడా? వాణ్ణి పిలువన్నా. సాహెబ్ ముందలికి తోలుకపోదం. తీసింది నేనే అని వాని నోటితోని ఒప్పుకోని. నా పిల్ల పని నిలబడాలె. వాళ్ల నాయిన లేక, బీడీ చుట్టి చుట్టి చదివించిన దీన్ని. నువ్వు చెప్తే వింటడు వాడు.”

“వింటడు.”

“మరి ఫోన్ చెయ్యి.”

“నేను చెప్తే వింటడు యల్లమ్మా. అదే.”

“అదే అంటే?”

“నేను ఒప్పుకోరా అంటే ఒప్పుకుంటడు.”

“ఒప్పుకోని. మంచిదే గదా.”

“మామా, వద్దు. నేను పోత. నా కాగితం నేను రాసిస్త.”

“నువ్వు కూసో బిడ్డా. చెల్లె, వాడు తియ్యలే.”

“ఏంది?”

“పోచయ్య తియ్యలే. నేను తీసిన.”

“ఏం తీసినవ్?”

“అట్టలు. చద్దర్ మీద పువ్వు తెప్పిచ్చే అట్టలుంటయి గద, అండ్లకెల్లి ఒక పువ్వు వరుసవి. నేనే తీసి, నేనే మళ్ల కుట్టిన. దసరకు మగ్గాలు కడిగి పూజ చేస్తమే, ఆ నాడు. పోచయ్య సెలవుల ఉండె. నూలు మిగుల్తదని నాలుగు మగ్గాలవి తీసిన. బయట అందరు గట్లనే చేస్తున్నరు, ఈ ఒక్క సీజన్ అనుకున్న. ఎనిమిదేండ్లయింది.”

“నువ్వా?”

“నేనే. లేబుల్ మాత్రం తొంభైదే కుట్టిపిచ్చిన.”

“పోచయ్యకు తెల్సా?”

“మగ్గం మీదికెల్లి మొదటి చద్దర్ దిగుతనే తెల్సింది. సేట్, ఇది పొట్టిగున్నది ఏంది అన్నడు. నువ్వు మగ్గం నడుపు అన్న. మళ్ల ఎన్నడు అడగలే. బయట గిట్లనుకుంటున్నరని వానికి తెల్సేమో, నాకు తెల్వదు. తెల్సినా ఊకుంటడు. నోరు తెరిస్తే మగ్గం పోతది గదా.”

“మామా, ఒకటి అడుగుత.”

“అడుగు బిడ్డా.”

“పొట్టిగున్నదని తెల్సి గూడ, ఆ రోజు జాగ కొలువనీకి దాన్నే ఎందుకు తెచ్చినవ్? నన్ను ముంచుదామని అయితే కాదు గదా.”

“యాది లేకపాయె.”

“యాది లేదా?”

“దేవుని తోడు. వచ్చిపోయేటోళ్లకు తొంభై తొంభై అని చెప్పి చెప్పి, నాకు గూడ అది తొంభైయే అయింది. కొస పట్టుకున్నప్పుడు గూడ తట్టలే. పొద్దున నువ్వొచ్చి మోరీ సంగతి చెప్పినంక తట్టింది. తట్టినంక గూడ నీ టేపును తిట్టిన, పోచయ్య పేరు చెప్పిన. కాగితం ఇటియ్యి.”

“ఏం రాస్తవ్?”

“రాజారాం మగ్గం చద్దర్ తొంభై ఇంచులు కాదు, ఎనభై నాలుగు. లేబుల్ మీద ఉన్నది అబద్ధం. పిల్ల లేబుల్‌ను, నన్ను నమ్మింది. మగ్గం మీది మనిషి తప్పు లేదు. గిట్ల రాస్తే సరిపోతదా? మరాఠీల రాయాల్నా?”

“ఎట్లనన్న రాయి. కింద సంతకం పెట్టాలె.”

“పెడుత. నేను గూడ వస్త ఆఫీసుకు. మూడు చద్దర్లు పట్టుకొని వస్త. ఆయన టేబుల్ మీద పెట్టి, కొలుసుకో సాహెబ్ అంట.”

“గల్లీల అందరికి తెలుస్తది మామా.”

“తెలువాలె గద.”

“అమ్మా, ఏమన్న మాట్లాడు. ఎందుకట్ల చూస్తున్నవ్?”

“తిట్టు యల్లమ్మా. ఎంత తిట్టినా పడుత.”

“తిట్టుడు కాదన్నా. నువ్వు రాయి. నా పిల్ల పని నిలబడుతది, అది మంచిదే. కని ఒకటి చెప్పాలె.”

“చెప్పు.”

“పోచయ్య కొడుకు సంతోష్ పెండ్లి గాక ముందు, పోచయ్య, నర్సమ్మ మా ఇంటికొచ్చిన్రు. కొడుక్కు ఈ పిల్లను అడిగిన్రు. వీళ్లిద్దరికి గూడ ఇష్టమే ఉండె.”

“అమ్మా, ఇప్పుడెందుకు?”

“చెప్పనియ్యే. పిల్లగాడు మంచోడే, ఇల్లు ఎట్లాంటిదో అని నేను నీ దగ్గరికే వచ్చిన అన్నా. అన్నా, పోచయ్య చెయ్యి మంచిదేనా అని అడిగిన. నువ్వు నా దిక్కు చూడలే. తల దించుకొని మగ్గానికి నూనె పోసుకుంట ఉన్నవు. నీ నోటితోని పనోని మీద చెడ్డ మాట అనలేక ఊకున్నవు అనుకొని, తెల్లారి నేనే పోయి ఆ ఇంటికి పిల్లనియ్యం అని చెప్పొచ్చిన.”

హలో, ఉన్నారా? ఇక ఎక్కువ చెప్పను. కాగితం నాలుగు గంటల లోపల చేరింది, పిల్ల పని నిలబడింది. మీరు ఒక్క పని చేయండి. ఇది మీ గ్రూపుల్లో పంపండి. కుంఠా నాకాలో, జోడ్‌భావి పేట్‌లో, పని కోసం భివండి పోయిన మన వాళ్లలో, ఎవరుంటే వాళ్లకు. పోచయ్య మీద ఆ మాట ఎంత దూరం పోయిందో నాకు తెలియదు, ఇది కూడా అంత దూరం పోవాలి. పంపేటప్పుడు నా పేరు మాత్రం తీసేయకండి.